‘డిగ్రీనా, బీటెక్కా?’ – తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఉన్నత విద్య ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్ర విద్యార్థి కావడానికి కారణం ఆ శాస్త్రం మీది మక్కువ కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో అదే చదువు ముగించిన బంధువు ఒకరు, వరసకు సోదరుడు, తన పాఠ్యపుస్తకాలను ఆయనకు ఇచ్చారు. కొత్త పుస్తకాలు కొనుక్కునే స్తోమత లేని కుటుంబం అది. చేతికందిన పుస్తకాలే పాఠ్యవిషయాన్ని నిర్ణయించాయి. ఈ ఉదంతాన్ని విధివిలాసంగా చెప్పుకోవడం పరిపాటి. తరువాతి కాలంలో ఆయన అందుకున్న స్థానాల దృష్ట్యా అలా చెప్పుకోవడం సులభం కూడా. విద్యా చరిత్ర దృష్టితో చూస్తే అందులో మరొక విషయం కనిపిస్తుంది. 1896 నుంచి 1900 వరకు తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పాఠశాలలోను, ఆ తరువాత వేలూరులోని వూర్హీస్ కళాశాలలోను చదివి మద్రాసు చేరిన ఆ విద్యార్థి దారిలో పాఠశాల ఉంది, కళాశాల ఉంది, పరీక్షలు ఉన్నాయి. ఏ చదువు తనకు తగినదో తేల్చుకోవలసిన చోట మాత్రం పాత పుస్తకాల కట్ట ఒకటి ఉంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఉన్నత విద్య గురించిన రచన ఎక్కువగా సంస్థల చరిత్రగా సాగింది. ఏ కళాశాల ఏ సంవత్సరం వెలసింది, దానికి భూమి ఎవరిచ్చారు, తొలి ఉపాధ్యక్షుడు ఎవరు అనే వివరాలు పునాదిరాళ్ళ మీదా, స్వర్ణోత్సవ సంచికలలోనూ దొరుకుతాయి. తెరిచిన తలుపులలో దేనిని, ఎవరి మాట మీద, ఏ వయసులో విద్యార్థి ఎంచుకున్నాడన్న ప్రశ్న ఆ రచనల అంచుల్లోనే నిలిచిపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను తీసుకుంటుంది. ఈ ప్రాంతంలో అవకాశాలు పెరిగిన ప్రతి దశలోనూ ప్రవేశాలను క్రమబద్ధం చేసే యంత్రాంగం ఒకటి రూపొందింది. ఎంపికకు సలహా చెప్పే యంత్రాంగం దానికి తోడుగా ఎన్నడూ నిలదొక్కుకోలేదు. ఆ ఖాళీలోకి బంధువులు, ఒజ్జలు, దేవస్థానం, ర్యాంకు, చివరకు సీట్లు నింపుకోవలసిన కళాశాలలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఎవరి పట్టా?

చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 వరకు ఈ జిల్లాలోనిదే. జిల్లా ఏర్పడేనాటికి ఇక్కడి విద్యార్థికి పట్టా చదువంటే ఊరు విడిచిపోవడమే. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలకు, అక్కడి నుంచి ప్రభుత్వ విద్యార్థి వేతనంతో కేంబ్రిడ్జికి వెళ్ళారు. అటువంటి ప్రయాణం సాధ్యమైన ఇళ్ళు జిల్లాలో వేళ్ళ మీద లెక్కించదగినవి. వారికి ‘ఏ కళాశాల’ అన్నది ప్రశ్న కాదు. మద్రాసు వెళ్ళగలరా లేదా అన్నదే ప్రశ్న.

1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల ప్రారంభం కావడంతో ఆ స్థితి కొంత మారింది. అనిబిసెంట్ పేరుతో నేటికీ నడుస్తున్న ఈ కళాశాల జిల్లా విద్యార్థికి ఒక కొత్త చిక్కును కూడా తెచ్చిపెట్టింది. హోంరూల్ ఉద్యమంతో కళాశాలకు గల సంబంధం కారణంగా 1917లో మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపు పోయింది. బిసెంట్ వర్గం అడయారు కేంద్రంగా నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయం దానికి ఆసరా అయింది. రవీంద్రనాథ ఠాగూర్ ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షులు. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లెలో విడిది చేసినదీ, ‘జనగణమన’కు ఆంగ్లానువాదం చేసినదీ ఈ నేపథ్యంలోనే. ఆ రోజులను తలచుకునే రచనలన్నీ ఠాగూర్ దగ్గర ఆగుతాయి. అదే తరగతి గదులలో కూర్చున్న విద్యార్థి పరిస్థితి వేరు. జాతీయ విద్య పొందినవాడికి సర్కారు కొలువులో ఆ పట్టా చెల్లుతుందా? లా చదవబోతే మద్రాసులో చేర్చుకుంటారా? దేశభక్తికీ జీవనోపాధికీ మధ్య నిర్ణయాన్ని పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లల మీద మోపిన తొలి సందర్భం ఈ జిల్లాలో ఇదే కావచ్చు. కళాశాల తరువాత మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చింది. ‘ఆ కాలేజీకి గుర్తింపు ఉందా?’ అని చేరబోయే ముందు అడిగే అలవాటు మాత్రం మిగిలింది. నేటి తల్లిదండ్రులు అడిగే తొలి ప్రశ్నలలో అదొకటి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని తొలి ఉపాధ్యక్షుడు చిత్తూరువాడైన కట్టమంచి రామలింగారెడ్డి. అయినా రాయలసీమ కళాశాలలు చివరకు మద్రాసు పరిధిలోనే మిగిలాయి. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రాన్ని అనంతపురంలో నెలకొల్పాలన్న అంశం చేరడానికి ఈ దూరమే ఒక కారణం. ఆ మాట అనంతపురంలో వెంటనే నెరవేరలేదు. పదిహేడేళ్ళ తరువాత తిరుపతిలో మరొక రూపంలో నెరవేరింది.

దేవస్థానం నీడలో

తిరుపతి విద్యాకేంద్రం కావడానికి విశ్వవిద్యాలయం కంటే ముందున్న కారణం తిరుమల తిరుపతి దేవస్థానం. 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న ఆలయ నిర్వహణ 1933లో పాలకమండలికి మారింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో దేవస్థానం ధనం చదువు వైపు మళ్ళింది. 1939లో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ, 1945లో శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల, 1952లో శ్రీ పద్మావతి మహిళా కళాశాల వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి అన్నమాచార్య సంకీర్తనల రాగిరేకులపై పనిచేసినది ఈ ప్రాచ్య సంస్థలోనే.

ఈ దశలో తిరుపతి విద్యార్థి ముందు రెండు భిన్నమైన దారులు ఉన్నాయి. ఒకటి ఇంటర్మీడియేట్ మీదుగా బి.ఏ. రెండవది ప్రాచ్య కళాశాల మీదుగా విద్వాన్, శిరోమణి పట్టాలు. రెండవదానికి ఆంగ్లం అవసరం తక్కువ, ఖర్చు తక్కువ, ఇంటి సంప్రదాయానికి దగ్గర. తెలుగు, సంస్కృతాలలో లోతైన పాండిత్యం అక్కడే దొరికింది. అయితే పాఠశాలలో అడుగుపెట్టాక ఆ రెండు పట్టాలు సమానం కావని తెలిసేది. పండితుల జీతభత్యాలలో తేడా, ప్రధానోపాధ్యాయ పదవికి అడ్డంకులు దశాబ్దాలపాటు భాషా పండిత సంఘాల పోరాటాంశాలుగా నిలిచాయి. పద్నాలుగేళ్ళ వయసులో ప్రాచ్య పాఠశాలలో చేరిన బాలుడికి, నలభైయేళ్ళ వయసులో తన పదోన్నతి ఎందుకు ఆగుతుందో చెప్పగలిగినవారు ఆనాడు ఎవరూ లేరు. తెలుగు పరిశోధన రంగం ఆ అసమానత నుంచి ఎంత లాభం పొందిందో, ఆ పండితులు ఎంత నష్టపోయారో పక్కపక్కన పెట్టి లెక్కించిన రచన ఇంకా రావలసి ఉంది.

ఒకే ఊరు, ఒకే విశ్వవిద్యాలయం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి యేడు, 1954 సెప్టెంబరు 2న, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉండగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఎస్. గోవిందరాజులు నాయుడు తొలి ఉపాధ్యక్షులు. దాదాపు వెయ్యి ఎకరాల ఆవరణకు భూమి దేవస్థానం ఇచ్చింది. తరువాతి ఏడేళ్ళలో తిరుపతి రూపురేఖలు మారిపోయాయి. 1955లో పశువైద్య కళాశాల, 1959లో ఇంజనీరింగ్ కళాశాల, 1960లో వైద్య కళాశాల, 1961లో వ్యవసాయ కళాశాల వచ్చాయి. అదే 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం కూడా నెలకొంది.

పీలేరు నుంచో, పుంగనూరు నుంచో, శ్రీకాళహస్తి నుంచో వచ్చిన విద్యార్థికి ఒకే ఊరిలో, నడిచిపోగలిగిన దూరంలో, ఇన్ని రకాల చదువులు కనబడడం అంతకుముందు లేనిది. ఒక హాస్టలు గదిలో వ్యవసాయ విద్యార్థి, పక్క గదిలో చరిత్ర ఎం.ఏ. విద్యార్థి ఉండే వాతావరణం దానంతటదే ఒక సలహా కేంద్రం. ఏ చదువులో ఏముందో చూచి తెలుసుకునే వీలు అక్కడ ఉంది. ఈ దశను స్వర్ణయుగమని కీర్తించనక్కరలేదు. అక్కడిదాకా రాగలిగినవారు ఏ కులాలవారు, ఎంత భూమి ఉన్నవారు అన్నది మరువరానిది. అయినా వచ్చినవారికి కళ్ళముందు కనిపించిన విస్తృతి తరువాతి తరాలకు దక్కలేదు.

సరిగ్గా ఈ కాలంలోనే సలహా యంత్రాంగం గురించిన ఆలోచన దేశంలో బలంగా ముందుకు వచ్చింది. ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952–53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం ఉన్నత పాఠశాల చదువును మానవీయ శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు శాఖలుగా విభజించాలని సూచించింది. విభజనతో పాటు ప్రతి పాఠశాలకూ మార్గదర్శన అధికారులు, వృత్తుల గురించి చెప్పే ఉపాధ్యాయులు ఉండాలని కూడా చెప్పింది. మొదలియార్ మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. చిత్తూరు జిల్లా కళాశాలల పరీక్షలు అప్పటిదాకా ఆ విశ్వవిద్యాలయమే నడిపింది. ఈ జిల్లా విద్యార్థుల స్థితి ఆయనకు దూరపు సంగతి కాదు. 1952–54 నాటి శివరావు సంఘం ఉపాధి కల్పన కార్యాలయాలలో వృత్తి మార్గదర్శనం ఉండాలన్నది. ఆ తరువాత విశ్వవిద్యాలయాలలో ఉపాధి సమాచార, మార్గదర్శన విభాగాలు వెలిశాయి. 1964–66 నాటి కొఠారీ సంఘం మార్గదర్శనాన్ని ప్రాథమిక దశ నుంచే విద్యలో భాగం చేయాలని కోరింది.

ఈ మూడు నివేదికలలో నిర్మాణానికి సంబంధించిన సూచనలు ఏదో ఒక రూపంలో అమలయ్యాయి. శాఖలు వచ్చాయి, కళాశాలలు వచ్చాయి, కోర్సుల కాలవ్యవధి మారింది. మార్గదర్శక ఉపాధ్యాయుడు మాత్రం నివేదికలలోనే ఉండిపోయాడు. విశ్వవిద్యాలయంలోని ఉపాధి విభాగం డిగ్రీ పూర్తి చేసినవాడికి ఉద్యోగ ప్రకటనలు చూపించేది. ఏ డిగ్రీ చేయాలో తేల్చుకోవలసినవాడు ఇంకా ఆ ఆవరణలోకి అడుగుపెట్టనేలేదు. తలుపు లోపల దీపం పెట్టి, దారి బయట చీకటి అని వగచినట్లయింది.

గ్రూపు: పదవ తరగతిలోనే డిగ్రీ

ఎంపిక ఎప్పుడు జరుగుతుందన్నది ఎవరు సలహా చెబుతారన్నంత ముఖ్యమైన ప్రశ్న. విద్యాచరిత్ర రచనలు దీనిని పాలనాపరమైన మార్పుగా ఒక వాక్యంలో దాటవేస్తాయి.

మద్రాసు పద్ధతిలో పదకొండేళ్ళ పాఠశాల చదువు తరువాత ఎస్.ఎస్.ఎల్.సి., ఆపైన కళాశాలలో రెండేళ్ళ ఇంటర్మీడియేట్, ఆపైన రెండేళ్ళ బి.ఏ. రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన 1948–49 నాటి విశ్వవిద్యాలయ విద్యా సంఘం మూడేళ్ళ డిగ్రీని సూచించింది. దానికి అనుగుణంగా 1950ల రెండవ భాగంలో ఇంటర్మీడియేట్ పోయి, ఒక యేడాది పి.యు.సి., మూడేళ్ళ డిగ్రీ వచ్చాయి. ఈ రెండు పద్ధతులలోనూ విద్యార్థి పాఠశాల దాటాక నేరుగా డిగ్రీ కళాశాల ఆవరణలోకి వచ్చేవాడు. పి.యు.సి. పాఠం చెప్పే అధ్యాపకుడే డిగ్రీకీ చెప్పేవాడు. లెక్కలు పట్టుబడని పి.యు.సి. విద్యార్థికి చరిత్ర, ఆర్థికశాస్త్రాలవైపు వెళ్ళమని చెప్పగల మనిషి అదే వసారాలో ఎదురయ్యేవాడు. సలహా కోసం ఏర్పాటైనది కాకపోయినా, ఆ అమరిక సలహాకు అనువైనది.

1969–70లో ఆంధ్రప్రదేశ్ పదేళ్ళ పాఠశాల చదువు, రెండేళ్ళ ఇంటర్మీడియేట్ పద్ధతికి మారింది. 1971లో ఇంటర్మీడియేట్ బోర్డు ఏర్పడింది. మొత్తం ఏళ్ళు మారలేదు. అప్పుడూ ఇప్పుడూ డిగ్రీ చేతికి వచ్చేసరికి పదిహేనేళ్ళే. అయితే రెండు మార్పులు నిశ్శబ్దంగా జరిగిపోయాయి. పాఠ్యవిషయాల ఎంపిక పదకొండవ తరగతి తరువాత నుంచి పదవ తరగతి తరువాతకు, అంటే ఒక యేడాది ముందుకు జరిగింది. ఇంటర్మీడియేట్ క్రమంగా జూనియర్ కళాశాలలకు తరలి, ఎంచుకునే విద్యార్థికీ డిగ్రీ బోధించే అధ్యాపకుడికీ మధ్య గోడ లేచింది.

‘గ్రూపు’ అనే మాట తెలుగు ఇళ్ళలో స్థిరపడినది ఈ దశలోనే. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అన్న పొడి అక్షరాలు పదిహేనేళ్ళ పిల్లల జాతకచక్రాలయ్యాయి. బై.పి.సి. తీసుకున్న అమ్మాయికి ఇంజనీరింగ్ తలుపు, హెచ్.ఇ.సి. తీసుకున్న అబ్బాయికి బి.ఎస్సీ. తలుపు ఆ రోజే మూసుకుంటాయి. పదవ తరగతిలో వచ్చిన మార్కులను బట్టి బడిలో పంతులు చెప్పిన మాట, పైయింటి అన్న తీసుకున్న గ్రూపు, ఊరికి దగ్గరున్న జూనియర్ కళాశాలలో ఏ గ్రూపు ఉన్నదన్న వాస్తవం కలిసి డిగ్రీని నిర్ణయిస్తాయి. మూడవది మొదటి రెండిటికన్నా బలమైనది. సైన్సు లేని కళాశాల పక్క ఊరి పిల్లలకు సైన్సు ఆసక్తి ఉందా లేదా అన్న ప్రశ్నే పుట్టదు.

ఈ గోడకు ఎదురుగా సాగిన ఒక మంచి ప్రయత్నం మాతృభాషా మాధ్యమం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియేట్, డిగ్రీ స్థాయిలకు తెలుగు పాఠ్యగ్రంథాలను సిద్ధం చేసింది. బడిలో తెలుగులో చదివిన పల్లెటూరి విద్యార్థికి ఆర్థికశాస్త్రమూ వృక్షశాస్త్రమూ అందుబాటులోకి వచ్చినది ఆ పుస్తకాలవల్లనే. అరవై, డెబ్భై దశకాల తరువాత రాయలసీమలో మొదటితరం పట్టభద్రులైనవారిలో చాలామంది వాటిమీద పెరిగినవారు. 2021–22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. ఆ మార్పుతో దరఖాస్తులోని ఒక గడి ఎగిరిపోయింది. గడి పోయినంత మాత్రాన ఆ గడిని ఎంచుకునే విద్యార్థులు పోలేదు.

ఆడపిల్ల చదువు: దూరం అనే ప్రమాణం

పైన చెప్పినదంతా అబ్బాయి దృష్టి నుంచి చూచిన చరిత్ర. ఆడపిల్ల విషయంలో ‘ఏ కోర్సు’ అన్నది రెండవ ప్రశ్న. ‘ఏ ఊరు, ఎక్కడ ఉంటుంది, ఎవరితో వెళ్తుంది’ అన్నవి మొదటివి. 1952 నాటి పద్మావతి కళాశాల ఈ ప్రశ్నలకు దొరికిన తొలి జవాబు. దేవస్థానం ఆధ్వర్యంలోని కళాశాల, దానికి అంటిపెట్టుకుని వసతి, చుట్టూ దేవుడి ఊరు. కూతురిని బయటికి పంపడానికి జంకే తండ్రికి ఇవి వాదనలు. ఆ వాదనల బలం మీదే ఎందరో స్త్రీలు అధ్యాపకులయ్యారు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పింది. స్త్రీలకు మాత్రమే అన్న నియమాన్ని వెనుకబాటుగా విమర్శించినవారు ఉన్నారు. సైద్ధాంతికంగా ఆ విమర్శలో బలం ఉంది. అయితే ఈ ప్రాంతపు గ్రామీణ కుటుంబాలలో నిర్ణయం ఎలా జరుగుతుందో చూచినప్పుడు ఆ నియమమే తలుపు తీసింది. ఊరి ప్రశ్నకు జవాబు దొరికాక తొలిసారిగా కోర్సు ప్రశ్నకు చోటు ఏర్పడింది. ఎం.ఏ. తెలుగా, గృహవిజ్ఞానమా, కంప్యూటర్ కోర్సా అని తల్లీ కూతురూ కూర్చుని మాట్లాడుకునే స్థితి ఆవరణ గేటు భద్రమైనదని నమ్మకం కుదిరాకే వచ్చింది. అంతకు ఒక యేడు ముందే, 1982లో, దేశంలో మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ రాష్ట్రంలో ప్రారంభమైంది. లాంఛనమైన చదువు లేనివారికి కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం ఇచ్చింది. పెళ్ళితో చదువు ఆగిన స్త్రీలకు అది రెండవ అవకాశం. వారి ఎంపిక మాత్రం అధ్యయన కేంద్రం ఏ ఊళ్ళో ఉందన్నదాని చుట్టూనే తిరిగింది.

‘లోకల్’, ‘ర్యాంకు’, ‘కౌన్సెలింగ్’

1973 నాటి ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో చేరిన 371–డి అధికరణం, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రవేశాల పటాన్ని తిరగరాశాయి. విశ్వవిద్యాలయాల పేర్లతో మూడు స్థానిక ప్రాంతాలు ఏర్పడ్డాయి. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. నూటికి ఎనభై అయిదు సీట్లు స్థానికులకు. తిరుపతి ఆవరణను కంటితో చూడని కర్నూలు విద్యార్థి కూడా దరఖాస్తులో ‘ఎస్వీయూ లోకల్’ అయ్యాడు. విశ్వవిద్యాలయం చదివే చోటు నుంచి చిరునామాగా మారడం ఈ ప్రాంత విద్యాచరిత్రలో విచిత్రమైన ఘట్టం. వెనుకబడిన ప్రాంతానికి అది రక్షణ అన్నది నిస్సందేహం. అయితే అది సీటు ఎవరికి చెందుతుందో చెప్పింది. ఆ సీటులో కూర్చోవాలా వద్దా అన్నది చెప్పలేదు.

అదే కాలంలో, ఒక ఊరిలో ఒక ఆవరణగా కనిపించిన చదువులు వేరువేరు అధికారాల కిందికి చీలిపోయాయి. వ్యవసాయం 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, వైద్యం 1986లో విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి చేరాయి. భవనాలు తిరుపతిలోనే ఉన్నాయి. ప్రవేశ ప్రకటనలు మాత్రం వేరువేరు ఊళ్ళ నుంచి రాసాగాయి. 1983లో కాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం, 1986లో ఎంసెట్ ప్రారంభం ప్రవేశాలలో ఒక న్యాయాన్ని తెచ్చాయి. సిఫారసు ఉత్తరానికి బదులు ర్యాంకు వచ్చింది. దాంతో విద్యార్థి ఏమి చదవాలని కోరుకున్నాడన్న ప్రశ్న ర్యాంకు ఎంత వచ్చిందన్న ప్రశ్నలో లీనమైంది.

ఈ పరిణామానికి తెలుగు భాషే సాక్షి. ఆంగ్లంలో సలహా అనే అర్థమున్న ‘కౌన్సెలింగ్’ అనే మాట తెలుగునాట ఎంసెట్ తరువాత సీట్ల కేటాయింపు అనే అర్థంలో స్థిరపడింది. ‘మా అబ్బాయి కౌన్సెలింగ్‌కు వెళ్ళాడు’ అంటే ధ్రువపత్రాలు చూపించి సీటు తీసుకోవడానికి వెళ్ళాడని. అక్కడ కూర్చున్న అధికారి పని ర్యాంకు పిలిచి, ఖాళీలు చూపించి, సంతకం తీసుకోవడం. 2000ల చివరిలో ఇది వెబ్ ఆప్షన్ల రూపంలోకి మారాక ఆ మనిషి కూడా పక్కకు తప్పుకున్నాడు. సలహా లేని చోటుకు సలహా పేరు పెట్టుకున్న ఈ పదచరిత్ర మీద పరిశోధకులు దృష్టి పెట్టడం అవసరం.

దీనికి జంటగా మరొక మాట అర్థం మార్చుకుంది. ‘డిగ్రీ’ అంటే విశ్వవిద్యాలయం ఇచ్చే ఏ పట్టా అయినా కావాలి. వాడుకలో అది బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ.లకు మాత్రమే పరిమితమైంది. ‘డిగ్రీనా, బీటెక్కా?’ అనే ప్రశ్న చిత్తూరు బస్టాండులో అడిగినా, తిరుపతి లీలామహల్ కూడలిలో అడిగినా ఎవరూ వింతగా చూడరు. బి.టెక్. డిగ్రీ కాదన్నట్లు, డిగ్రీ అంటే బి.టెక్. దొరకనివాడు చేసేదన్నట్లు ఆ ప్రశ్న ధ్వనిస్తుంది. ఈ అర్థసంకోచం 1990ల చివర ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు జిల్లాలో పెరిగిన కాలంతో సరిపోలుతుంది. 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంటు బి.టెక్. ఖర్చుకూ బి.ఎస్సీ. ఖర్చుకూ మధ్య తేడాను పేద కుటుంబాలకు చాలావరకు తగ్గించింది. కూలీల పిల్లలు ఇంజనీర్లు కావడం ఆ పథకం ఫలితమే. దానిని తక్కువ చేయడం అన్యాయం. అదే సమయంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు ఏడు వందలు దాటాయి. సీటు కోసం విద్యార్థి వెతికే స్థితి పోయి విద్యార్థి కోసం సీటు వెతికే స్థితి వచ్చింది. సలహాదారు స్థానంలోకి కళాశాల ప్రతినిధి ప్రవేశించినది అప్పుడే. ఇంటికి వచ్చి, ఓపికగా కూర్చుని, కోర్సుల గురించి వివరించిన తొలి వ్యక్తి అతడే అయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అతడి చేతిలో ఒకే కళాశాల కరపత్రం ఉండేది.

సరిహద్దు మండలాల కథ కొంత వేరు. చిత్తూరుకు తిరుపతి కంటే వేలూరు దగ్గర. కుప్పానికి తిరుపతి కంటే బెంగళూరు చాలా దగ్గర. 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం మూడు రాష్ట్రాల కూడలిలో ద్రావిడ భాషల అధ్యయనానికి ఉద్దేశించినది. ఆ లక్ష్యం ఉన్నతమైనదే. స్థానిక ఇంటర్మీడియేట్ విద్యార్థి అడిగే ప్రశ్న అది కాదు. 2015లో తిరుపతికి వచ్చిన ఐ.ఐ.టి., ఐసర్ సంస్థల విషయంలోనూ ఇదే వైచిత్రి. రాష్ట్ర విభజన చట్టం హామీల ఫలితంగా ఏర్పేడు దగ్గర అవి వెలిశాయి. కేంద్ర సంస్థలు కనుక ఎనభై అయిదు శాతం నియమం వాటికి వర్తించదు. ఏర్పేడు బడిలో చదివే విద్యార్థికి అవి కనబడతాయి. వాటిలో చేరాలంటే ఏ తరగతిలో ఏమి మొదలుపెట్టాలో ఆ బడిలో చెప్పేవారు ఉంటేనే ఆ దగ్గరితనానికి అర్థం.

మేజరు

గత దశాబ్దపు మార్పులు వేగంగా వచ్చాయి. 2015–16లో సెమిస్టర్ పద్ధతి, 2020–21 నుంచి డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్ విధానం, 2021–22లో ఆంగ్ల మాధ్యమం, 2023–24లో సింగిల్ మేజర్ పద్ధతి. అంతకుముందు బి.ఏ. విద్యార్థి చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం అనే మూడింటిని సమానంగా చదివేవాడు. బి.ఎస్సీ. విద్యార్థి లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ఏది తనదో మూడేళ్ళలో తెలుసుకునేవాడు. ఆ మూడు విషయాల అమరికకు లోతు తక్కువన్న విమర్శ సరైనదే. కాని అందులో ఆలస్యంగా నిర్ణయించుకునే హక్కు దాగి ఉంది. పి.జి. ప్రవేశ పరీక్ష దాకా ఆ హక్కు నిలిచేది. కొత్త పద్ధతిలో ప్రవేశ సమయంలోనే ఒక మేజరును ఎంచుకోవాలి. 1969లో ఒక యేడాది ముందుకు జరిగిన నిర్ణయం ఇప్పుడు మరొక మూడేళ్ళు ముందుకు జరిగినట్లయింది.

ఈ పద్ధతి అమలైన వేసవి నుంచి ప్రభుత్వ డిగ్రీ కళాశాలల అధ్యాపకులు పడుతున్న పాట్లు ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. మే, జూన్ నెలల ఎండలో కరపత్రాలు పట్టుకుని పలమనేరు, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల్లో జూనియర్ కళాశాలలూ ఇళ్ళూ తిరిగే అధ్యాపకుడు, మొదలియార్ సంఘం డెబ్భై యేళ్ళ క్రితం ఊహించిన మార్గదర్శక ఉపాధ్యాయుడికి అతి దగ్గరి రూపం. ఆయనకు తన విషయం తెలుసు, ఆ విద్యార్థి భాష తెలుసు, ఆ ఊరి బస్సు వేళలు కూడా తెలుసు. చేరేవారు తగ్గితే తన మేజరును ఎత్తివేస్తారనీ, తాను వేరే ఊరికి బదిలీ కావచ్చుననీ కూడా ఆయనకు తెలుసు. కనుక చరిత్ర అధ్యాపకుడు ఆ పల్లెలో, లెక్కలు బాగా వచ్చిన అమ్మాయి ఎదుట, చరిత్ర కరపత్రాన్ని సంచిలో నుంచి బయటికి తీయాలా వద్దా అని ఒక క్షణం ఆగుతాడు. దరఖాస్తు తెర మీద కళాశాల పేరుకు ఒక గడి, మేజరుకు ఒక గడి, ప్రాధాన్య క్రమానికి ఒక గడి ఉన్నాయి. ఆ క్షణానికి అందులో గడి లేదు.